పనిలోనే ప్రార్థన – ఫ్రాన్సిస్ డి సేల్స్

దేవుణ్ణి చేరాలంటే ఇల్లూ వాకిలీ విడిచిపెట్టాలని, అడవులకో మఠాలకో వెళ్ళిపోవాలని చాలామంది అనుకుంటారు. మరి పొయ్యి దగ్గర నిలబడే తల్లికి, పొలం దున్నే రైతుకు, దుకాణం నడిపే వర్తకుడికి, బడికి వెళ్ళే విద్యార్థికి ఆ తీరిక ఎక్కడిది? వాళ్ళకు దైవచింతన అందని పండేనా? మన దేశంలో కబీరు మగ్గం నేస్తూ, గోరా కుంభార్ కుండలు చేస్తూ, రవిదాసు చెప్పులు కుడుతూ భక్తిమార్గంలో నడిచారు. ఐరోపా ఖండంలో క్యాథలిక్ క్రైస్తవులకు ఇదే విషయాన్ని విడమరచి చెప్పి, తాను ఆచరించి చూపిన మహనీయుడు ఫ్రాన్సిస్ డి సేల్స్.

ఆయన 1567వ సంవత్సరం ఆగస్టు 21వ తేదీన సావోయ్ రాజ్యంలోని తొరాన్ గ్రామం దగ్గర సేల్స్ కోటలో జన్మించారు. సావోయ్ అప్పట్లో ఒక డ్యూకు పాలనలో ఉండేది. ఆల్ప్స్ పర్వతాల ఒడిలో ఉన్న తొరాన్ ఇప్పుడు ఫ్రాన్సు దేశంలో ఉంది. తల్లిదండ్రులకు ఫ్రాన్సిస్ తొలి సంతానం. కుటుంబం పేరున్నది. పెద్దకొడుకు న్యాయశాస్త్రం చదివి, రాజ్యంలో పెద్ద పదవి చేపట్టి, వంశానికి పేరు తేవాలని తండ్రి ఆశించాడు. ఫ్రాన్సిస్ మనసు మాత్రం చిన్ననాటి నుండీ దైవసేవ వైపే మొగ్గింది.

తండ్రి ఆయనను పైచదువులకు పారిస్ నగరం పంపించాడు. అక్కడ జెస్యూట్ గురువులు నడిపే క్లెర్మాంట్ కళాశాలలో ఆయన అలంకారశాస్త్రం, తత్త్వశాస్త్రం చదివారు. ఉన్నత కుటుంబాల యువకులు నేర్చే గుర్రపుస్వారీ, కత్తిసాము కూడా నేర్చుకున్నారు. ఆ రోజుల్లో ఐరోపా అంతటా మత వివాదాలు చెలరేగుతున్నాయి. ఎవరు మోక్షం పొందుతారో, ఎవరు నరకానికి పోతారో దేవుడు ముందే నిర్ణయించాడా అన్నది పండితుల మధ్య పెద్ద చర్చ. ఆ చర్చలు పందొమ్మిదేళ్ళ ఫ్రాన్సిస్ గుండెలో ముల్లులా గుచ్చుకున్నాయి.

1586వ సంవత్సరం చివరిలో ఆయనకు ఒక భయం పట్టుకుంది. తాను ఎంత ప్రయత్నించినా దేవునికి దూరమయ్యేవారిలోనే ఉన్నానని ఆయన నమ్మసాగారు. తిండి సహించలేదు. నిద్ర పట్టలేదు. సుమారు ఆరు వారాలపాటు ఆయన మనసు చీకటిలో కొట్టుమిట్టాడింది. శరీరం కృశించింది. ఒకరోజు ఆయన తోవలో ఉన్న ఒక చర్చిలోకి వెళ్ళి, మరియమాత విగ్రహం ముందు మోకరిల్లారు. చనిపోయిన తరువాత తన గతి ఏమైనా కానీ, ప్రాణం ఉన్నంతవరకు ఈ లోకంలోనైనా దేవుణ్ణి ప్రేమిస్తానని నిశ్చయించుకున్నారు. ఆ నిశ్చయంతో గుండెల మీది బరువు దిగిపోయింది. రేపటి భయాన్ని వదిలి, ఈ రోజు చేయగలిగిన ప్రేమను పట్టుకోవడం ఆయన అప్పుడే నేర్చుకున్నారు. ఆయన జీవితమంతా ఈ పునాది మీదనే నిలిచింది.

తరువాత 1588లో ఆయన ఇటలీలోని పాదువా విశ్వవిద్యాలయంలో చేరారు. 1591లో న్యాయశాస్త్రంలో డాక్టర్ పట్టం పొందారు. దానితోపాటు దైవశాస్త్రాన్నీ శ్రద్ధగా అభ్యసించారు. ఇంటికి తిరిగి వచ్చేసరికి తండ్రి అన్నీ సిద్ధం చేసి ఉంచాడు. సెనేటులో పదవి ఎదురు చూస్తోంది. పెళ్ళికూతురిని కూడా చూసి పెట్టారు. ఫ్రాన్సిస్ ఆ రెండింటినీ వినయంగా కాదన్నారు. తాను గురువును కావాలనుకుంటున్నానని తెలిపారు. తండ్రి ఎంతో నొచ్చుకున్నాడు. చివరకు అయిష్టంగానే ఒప్పుకున్నాడు. 1593 డిసెంబరు 18న ఫ్రాన్సిస్ గురుపట్టం స్వీకరించారు.

మరుసటి సంవత్సరమే ఆయనకు కఠినమైన పరీక్ష ఎదురైంది. జెనీవా సరస్సు తీరాన షాబ్లే అనే ప్రాంతం ఉంది. అక్కడి ప్రజలు సుమారు అరవై సంవత్సరాలుగా ప్రొటెస్టంటు మతంలో ఉన్నారు. యుద్ధాల వల్ల ఇరుపక్షాల మధ్య పగలు పెరిగాయి. అక్కడ క్యాథలిక్ బోధన చేయడానికి 1594 సెప్టెంబరులో ఫ్రాన్సిస్ తన దాయాది లూయీతో కలిసి బయలుదేరారు. ప్రాణాపాయం ఉన్నదని తండ్రి వారించాడు. ఖర్చులకు డబ్బు ఇవ్వడానికి కూడా నిరాకరించాడు.

రాత్రిళ్ళు ఆయన అలంజ్ కోటలో తలదాచుకునేవారు. పగలు థోనో పట్టణానికి కాలినడకన వెళ్ళేవారు. చలికాలంలో మంచు మీద నడవడం ఎంతో కష్టం. పట్టణంలో ఆయన మాట వినడానికి జనం భయపడేవారు. ఆయనపై దాడులకు కూడా కొందరు పూనుకున్నారు. ప్రసంగానికి వచ్చేవారు వేళ్ళమీద లెక్కించదగినంత మంది. అయినా ఆయన విసుగు చెందలేదు. వారు తన దగ్గరకు రాకపోతే తన మాటే వారి ఇళ్ళకు వెళ్ళాలని తలచారు. చెప్పదలచిన విషయాన్ని చిన్న చిన్న పత్రాలుగా రాసి, ప్రతులు తీయించి, ఇంటింటికీ అందేలా చేశారు. తలుపుల సందుల్లోంచి లోపలికి జారవిడిచేవారని చెబుతారు.

నాలుగు సంవత్సరాలు ఇలా గడిచాయి. 1598 నాటికి ఆ ప్రాంతంలో చాలామంది తిరిగి క్యాథలిక్ సంఘంలో చేరారు. అందులో డ్యూకు అధికారబలానికీ పాలు ఉంది. అయితే ఫ్రాన్సిస్ నమ్ముకున్న సాధనాలు మాత్రం ఓర్పు, మంచిమాట, కలము మాత్రమే. పగతో నిండిన కాలంలో పగ లేకుండా మాట్లాడటమే ఆయన గొప్పతనం.

1602 డిసెంబరు 8న, తాను పుట్టిన తొరాన్ గ్రామంలోని చర్చిలోనే ఆయన జెనీవా బిషప్పుగా అభిషిక్తులయ్యారు. జెనీవా నగరం అప్పటికే ప్రొటెస్టంట్ల కేంద్రం. అందుచేత జెనీవా బిషప్పులు అన్నెసి పట్టణంలో ఉండేవారు. అదే సంవత్సరం పారిస్‌లో ఆయన ప్రసంగాలు విన్న ఫ్రాన్సు రాజు నాలుగవ హెన్రీ ఆయనను తన దేశంలోనే నిలుపుకోవాలని ఆశించాడు. పెద్ద పదవి ఇస్తానన్నాడు. ఫ్రాన్సిస్ పేద కొండప్రాంతమైన తన పీఠాన్ని విడిచిపెట్టడానికి అంగీకరించలేదు.

బిషప్పు అయిన తరువాత కూడా ఆయన నిరాడంబరంగా జీవించారు. ఆదివారాల్లో అన్నెసిలోని పిల్లలను కూర్చోబెట్టుకొని స్వయంగా మతపాఠాలు చెప్పేవారు. కొండల నడుమ ఉన్న చిన్న చిన్న గ్రామాల చర్చీలను స్వయంగా వెళ్ళి చూసేవారు. ఎవరు ఉత్తరం రాసినా జవాబు రాసేవారు. ఆయన రాసిన ఉత్తరాలలో రెండు వేలకు పైగా నేటికీ మిగిలి ఉన్నాయి.

1605 ప్రాంతంలో లా రోష్ పట్టణంలో ఆయనకు మార్టిన్ అనే పనివాడు కనిపించాడు. అతనికి పుట్టుకతోనే వినికిడి లేదు, మాట లేదు. ఆ కాలంలో అటువంటివారికి చదువు రాదని లోకం తీర్మానించింది. ఫ్రాన్సిస్ అతన్ని తన ఇంటికి తెచ్చుకున్నారు. తానే సైగలు కల్పించి, రోజూ కొంతసేపు అతనితో కూర్చుని పాఠం చెప్పారు. మార్టిన్ ఆ సైగలను గ్రహించాడు. దివ్యసత్ప్రసాదం స్వీకరించే అర్హత పొందాడు. క్యాథలిక్కులు ఫ్రాన్సిస్‌ను వినికిడి లేనివారి పాలకపునీతుడిగా భావించడానికి కారణం ఇదే.

ఆయన శాంతస్వభావం లోకప్రసిద్ధమైంది. కాని అది పుట్టుకతో వచ్చిన గుణం అనుకోరాదు. స్వతహాగా ఆయనకు త్వరగా కోపం వచ్చేదట. దానిని లొంగదీసుకోవడానికి ఏళ్ళ తరబడి పాటుపడ్డారట. ఎవరైనా నిందించినప్పుడు వెంటనే నోరు తెరవకూడదని నియమం పెట్టుకున్నారు. మనసు కుదుటపడిన తరువాతే మాట్లాడేవారు. పెద్ద ఉపవాసాల కంటే ఇటువంటి చిన్న నియమాలే మనిషిని ఎక్కువగా మారుస్తాయని ఆయన అనుభవపూర్వకంగా తెలుసుకున్నారు.

ఈ అనుభవసారమే ఒక గ్రంథంగా వెలువడింది. ఆయన బంధువు భార్య అయిన షార్మ్వాసీ అనే స్త్రీ, సంసారంలో ఉంటూనే భక్తిమార్గంలో ఎదగడం ఎలాగో తెలుపమని ఆయనను కోరింది. ఆమె కోసం ఆయన కొన్ని సలహాలు ఉత్తరాలుగా రాసి ఇచ్చారు. వాటిని చూసిన ఒక జెస్యూట్ గురువు అందరికీ ఉపయోగపడేలా అచ్చు వేయించమని ప్రోత్సహించాడు. అలా 1609లో ‘భక్తి జీవితానికి పరిచయం’ అనే పుస్తకం లియాన్ నగరంలో అచ్చయింది. పండితుల లాటిన్ భాషలో రాయక, ప్రజలు మాట్లాడే ఫ్రెంచి భాషలో రాయడం దాని విశేషం. చదివే వ్యక్తిని ఆయన ఫిలోతేయా అని పిలిచారు. దేవుణ్ణి ప్రేమించే ప్రాణి అని ఆ పేరుకు అర్థం.

ఈ పుస్తకంలోని సారం ఇది. సన్యాసి చేసే సాధన ఒకటి, గృహస్థు చేసే సాధన మరొకటి. బిడ్డలున్న తల్లి రోజంతా చర్చిలో కూర్చుంటే అది భక్తి అనిపించుకోదు. సైనికుడు, చేతిపనివాడు, భర్త, భార్య, ఎవరి ధర్మాన్ని వారు ప్రేమతో నెరవేర్చాలి. నిజమైన భక్తి ఎవరి పనినీ పాడుచేయదు, దానికి మరింత మెరుగు పెడుతుంది. తండ్రి ఇంట్లో వంటపని చేస్తూనే దేవుణ్ణి ధ్యానించిన సియన్నా కేథరిన్‌ను ఆయన ఉదాహరణగా చూపారు. ఘనకార్యాలు చేసే అవకాశం ఎప్పుడో గాని రాదు. రోగికి పథ్యం పెట్టడం, చిరాకు పుట్టించే పొరుగువారిని భరించడం, తలనొప్పిని ఓర్చుకోవడం వంటి చిన్న పనులు మాత్రం ప్రతిరోజూ మన ఎదుటికి వస్తాయి.

దీనికి ఆయన సులభమైన పద్ధతిని కూడా సూచించారు. ఉదయం లేవగానే ఆ రోజు చేయవలసిన పనులను, ఎదురు కాగల చిక్కులను ముందుగా తలచుకోవాలి. పనుల మధ్య ఒక్క క్షణం మనసును దేవుని వైపు తిప్పాలి. రాత్రి పడుకునే ముందు ఆ రోజు తన నడవడిని పరిశీలించుకోవాలి. తప్పు కనబడితే తనను తాను తిట్టుకుంటూ కూర్చోరాదు. పడిపోయిన పసివాణ్ణి తల్లి లేవనెత్తినట్లు, మనసును మెల్లగా లేవనెత్తి మళ్ళీ నడిపించాలి. ఒకనాడు పారిస్‌లో నిరాశతో కుమిలిన యువకుడే ఇప్పుడు ఇతరులకు ధైర్యం చెప్పగలిగాడు.

1604లో దిజోన్ నగరంలో జేన్ డి షాంతాల్ అనే వితంతువు ఆయన ప్రసంగాలు విన్నది. వేటలో జరిగిన ప్రమాదంలో ఆమె భర్త మరణించాడు. ఆమెకు నలుగురు పిల్లలు. ఆమె తన పిల్లలనూ ఇంటి బాధ్యతలనూ చూసుకుంటూనే ఆయన మార్గదర్శకత్వంలో భక్తిలో ఎదిగింది. 1610లో వారిద్దరూ అన్నెసిలో విజిటేషన్ అనే కన్యాస్త్రీల సంఘాన్ని స్థాపించారు. కఠోర నియమాలకు శరీరం సహకరించని స్త్రీలకు, వితంతువులకు కూడా అందులో చోటు కల్పించారు.

1622 చివరిలో డ్యూకు పరివారంతో ప్రయాణమై ఫ్రాన్సిస్ లియాన్ చేరుకున్నారు. పెద్దల భవనాలలో బస దొరికేది. కాని ఆయన విజిటేషన్ మఠంలో తోటమాలి ఉండే చిన్న గదిని ఎంచుకున్నారు. అక్కడే జబ్బుపడి డిసెంబరు 28న కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు యాభైఐదు సంవత్సరాలు. 1665లో క్యాథలిక్ సంఘం ఆయనను పునీతుడిగా ప్రకటించింది. 1923లో ఆయన పత్రికారచయితలకు పాలకపునీతుడయ్యారు. మంచుదారుల్లో పత్రాలు పంచిన కలానికి దక్కిన గౌరవం అది.

ఆయన పేరు మన ప్రాంతాలకు కొత్తది కాదు. 1838లో అన్నెసిలో ఆయన పేరిట ఒక మిషనరీ సంఘం ఏర్పడింది. ఆ సంఘం గురువులు సముద్రాలు దాటి 1846లో విశాఖపట్నం చేరారు. 1849లో అన్నెసి నుండే సెయింట్ జోసెఫ్ సంఘం కన్యాస్త్రీలు యానాం వచ్చారు. నాగపూరులోని ప్రధాన చర్చి నేటికీ ఫ్రాన్సిస్ డి సేల్స్ పేరుతోనే ఉంది.

ఆయన లోకాన్ని జయించిన వీరుడు కాడు, రాజ్యాలు ఏలిన ప్రభువు కాడు. తన కోపాన్ని జయించారు, తన పనిని ప్రేమించారు. మన ఇల్లు, మన బడి, మన పని ఇవే మన సాధనకు తగిన చోట్లని ఆయన జీవితం మనకు తెలియజేస్తోంది.