రాబర్ట్ వాట్సన్-వాట్

సర్ రాబర్ట్ అలెగ్జాండర్ వాట్సన్-వాట్ (ఏప్రిల్ 13, 1892 - డిసెంబర్ 5, 1973) స్కాట్లాండుకు చెందిన భౌతిక శాస్త్రవేత్త. బ్రిటనులో రాడారు వ్యవస్థను నెలకొల్పినవారిలో ప్రముఖుడు. శత్రు విమానాలను పసిగట్టే సాధనంతోనే ఈయనకు పేరు వచ్చినా, ఈయన వృత్తి మొదలైనది వాతావరణ పరిశోధనతో. అగ్నిపర్వతాల బూడిద మేఘాలను దూరం నుండి కనిపెట్టే పద్ధతులలో రెండింటికి మూలాలు ఈయన కృషిలో ఉన్నాయి.

బాల్యము, విద్య

బ్రీకిన్ పట్టణంలో ఒక వడ్రంగి కుటుంబంలో జన్మించాడు. డండీలోని యూనివర్సిటీ కాలేజీలో ఇంజనీరింగు చదివి 1912లో పట్టా పొందాడు. ఆచార్యుడు విలియం పెడ్డీ ఈయనకు రేడియో తరంగాలపై ఆసక్తి కలిగించాడు.

మెరుపుల జాడ

1915లో బ్రిటిషు వాతావరణ శాఖలో చేరాడు. ఆనాటి విమానాలకు ఉరుములతో కూడిన గాలివాన పెద్ద ప్రమాదము. మెరుపు నుండి రేడియో తరంగాలు కూడా వెలువడతాయి. అవి వచ్చే దిక్కు తెలిస్తే గాలివానను ముందే గుర్తించవచ్చు. అయితే ఆ సంకేతము క్షణంలో మాయమవుతుంది, ఏంటెనాను తిప్పి దిక్కు చూసే వ్యవధి ఉండదు. 1920లలో ఈయన కాథోడ్ కిరణ ఆసిలోస్కోపును వాడి, దిక్కు వెంటనే తెరపై గీతగా కనబడేట్లు చేశాడు. రెండు కేంద్రాలు చూపిన దిక్కులను పటముపై గీస్తే, ఆ గీతలు కలిసేచోట గాలివాన ఉన్నట్లు. అయనోస్ఫియర్ అనే పదాన్ని 1926లో ప్రతిపాదించినది కూడా ఈయనే.

డావెంట్రీ ప్రయోగము

రేడియో తరంగాలతో శత్రు విమానాలను నాశనం చేయవచ్చునా అని 1935లో బ్రిటిషు వైమానిక మంత్రిత్వశాఖ ఈయనను అడిగింది. సహాయకుడు ఆర్నాల్డ్ విల్కిన్స్ లెక్క కట్టి, అందుకు కావలసిన శక్తి అసాధ్యమని తేల్చాడు. కానీ విమానాలు దగ్గరకు వచ్చినపుడు రేడియో గ్రాహకాలలో అలజడి కలుగుతోందని తపాలా శాఖ ఇంజనీర్లు గమనించిన విషయం విల్కిన్సుకు గుర్తుంది. నాశనం చేయలేకపోయినా జాడ తెలుసుకోవచ్చునన్న ఆలోచన అలా వచ్చింది. 1935 ఫిబ్రవరి 26న డావెంట్రీలోని బీబీసీ ప్రసార తరంగాల సాయంతో, ఒక హేఫోర్డ్ బాంబరు విమానాన్ని సుమారు 13 కిలోమీటర్ల దూరం వరకు గుర్తించగలిగారు. తరువాత బ్రిటను తీరం వెంబడి వెలసిన చెయిన్ హోమ్ కేంద్రాలు 1940 నాటి వైమానిక యుద్ధంలో ఎంతో ఉపయోగపడ్డాయి.

ఈయనను రాడారు పితామహుడని అనడం పరిపాటి. ఇది పూర్తిగా న్యాయమైన మాట కాదు. జర్మనీలో హుల్స్‌మేయర్ 1904లోనే రేడియో ప్రతిధ్వనులతో ఓడలను గుర్తించి చూపాడు. డావెంట్రీ లెక్కలు విల్కిన్సువి. ఆ ఆలోచనకు ప్రభుత్వ మద్దతు సాధించి, దేశవ్యాప్త వ్యవస్థగా నిలబెట్టినది మాత్రం వాట్సన్-వాట్.

తరువాతి జీవితము

1942లో సర్ బిరుదు, 1952లో 50,000 పౌండ్ల పారితోషికము లభించాయి. కొంతకాలం కెనడాలో నివసించాడు. అక్కడ అతివేగంగా కారు నడుపుతూ పోలీసుల రాడారుకే చిక్కి జరిమానా కట్టడం విచిత్రము. 1973లో ఇన్వర్‌నెస్‌లో మరణించాడు.

బూడిద మేఘాల పరిశీలన

యుద్ధకాలంలో రాడారు తెరపై వాన చినుకుల ప్రతిధ్వనులు కనబడి విమానాల గుర్తింపుకు అడ్డువచ్చేవి. ఆ అడ్డంకియే వాతావరణ రాడారుకు దారితీసింది. అగ్నిపర్వతం నుండి ఎగసే బూడిద రేణువులు కూడా చినుకులవలె తరంగాలను వెనుకకు పంపుతాయి. 1980లో అమెరికాలోని సెయింట్ హెలెన్స్ పర్వతం పేలినపుడు వాతావరణ రాడార్లు ఆ మేఘాన్ని గమనించాయి. 2010లో ఐస్‌లాండులోని ఐయాఫ్యాత్లయోకుత్ల్ పేలి ఐరోపాలో విమానాలు నిలిచిపోయినపుడు, కెఫ్లావిక్ వాతావరణ రాడారు బూడిద స్తంభము ఎత్తును కొలిచింది. ఎంత బూడిద వెలువడుతున్నదో అంచనా వేయడానికి ఈ ఎత్తే ముఖ్య ఆధారము. గాలిలో చాలా దూరం కొట్టుకుపోయే సన్నని బూడిద మాత్రం సాధారణంగా వాతావరణ రాడారుకు చిక్కదు, దానికి ఉపగ్రహాలు కావాలి. బూడిద మేఘంలో మెరుపులు కూడా పుడతాయి. అదే విస్ఫోటనంలో పుట్టిన మెరుపులను బ్రిటిషు వాతావరణ శాఖ తన రేడియో గ్రాహకాల ద్వారా గుర్తించింది. వాట్సన్-వాట్ 1915లో చేరినది ఆ శాఖలోనే.