పరదా వెనుకకు కెమెరాను చేర్చిన రాజా దీన్ దయాళ్

మా ముదినేపల్లి, కైకలూరు ప్రాంతాల్లో నిఖా జరిగితే ఫోటోలు తీసే కుర్రవాడు మగవారి పందిట్లో చకచకా తిరుగుతాడు. ఆడవారి వైపు పరదా దగ్గరకు వచ్చేసరికి ఆగిపోతాడు. పెళ్ళికూతురి పక్కన నానీ, దాదీ కూర్చున్న ఫోటో ఆల్బంలో ఉండదు. ఆ పెద్దవాళ్ళు కన్నుమూశాక పిల్లలకు చూపించడానికి ఏమీ మిగలదు. ఈ లోటుకు హైదరాబాదులో 1892లోనే దారి చూపినవారు రాజా దీన్ దయాళ్.

ఆయన 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో ఒక జైన కుటుంబంలో జన్మించారు. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, 1866లో ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో చేరారు. అంచనాలు వేయడం, నక్షాలు గీయడం ఆయన ఉద్యోగం. 1874 ప్రాంతంలో ఫోటోగ్రఫీ పట్టుకున్నారు. మధ్య భారతంలోని కోటలు, కట్టడాలను ఆయన తీసిన చిత్రాలకు వైస్రాయిల వరకు పేరు వెళ్ళింది. 1880లలో సికిందరాబాదులో స్టూడియో పెట్టారు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆయనను తన ఆస్థాన ఫోటోగ్రాఫరుగా నియమించి, ముసవ్విర్ జంగ్ బహాదూర్ అనే బిరుదునిచ్చి గౌరవించారు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు.

1892లో ఆయన హైదరాబాదులో జనానా స్టూడియో తెరిచారు. అక్కడ ఫోటోలు తీసే బాధ్యత ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. పరదా పాటించే కుటుంబాల స్త్రీలు తమ కట్టుబాటు వదలకుండానే ఫోటో తీయించుకోగలిగారు. పరదాను తొలగించమని ఆయన ఎవరినీ అడగలేదు. కెమెరా వెనుక నిలబడే మనిషిని మార్చారు, అంతే.

ఆ రోజుల్లో కెమెరా అంటే ముక్కాలిపీట మీద నిలిపిన పెద్ద పెట్టె. ముందు కటకం, వెనుక గరుకు గాజు పలక. నల్లగుడ్డ కప్పుకుని చూస్తే ఆ పలకపై బొమ్మ తలక్రిందులుగా కనిపించేది. అంతా సరిచూసుకున్నాక ఆ స్థానంలో మందు పూసిన గాజు ప్లేటు పెట్టేవారు. తొలినాళ్ళ పద్ధతిలో ఆ మందు తడి ఆరకముందే ఫోటో తీసి కడగాలి. వెలుతురు ఎంత, ఎంతసేపు, ప్లేటు ఎంత చురుకైనది అనే మూడు లెక్కలూ మనిషి తలలోనే ఉండాలి.

నేటి డి.ఎస్.ఎల్.ఆర్. కెమెరాలోనూ ఆ మూడు లెక్కలే ఉన్నాయి. గరుకు గాజు, నల్లగుడ్డ చేసిన పనిని లోపలి అద్దం, పైనున్న గాజు పట్టకం చేస్తాయి. అందుకే కంటి దగ్గర బొమ్మ నిటారుగా కనిపిస్తుంది. బటను నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, షట్టరు తెర తెరుచుకుంటుంది, గాజు ప్లేటుకు బదులు సెన్సారు మీద వెలుతురు పడుతుంది. (ఈ అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలు ఇప్పుడు ఎక్కువయ్యాయి. లెక్కలు మాత్రం అవే.)

మొదటిది అపర్చరు, అంటే కటకంలోని రంధ్రం. ఎఫ్ 2.8 వంటి చిన్న అంకె పెడితే రంధ్రం పెద్దదవుతుంది. వెలుతురు ఎక్కువ వస్తుంది, ముఖం వెనుకనున్నది మసకబారుతుంది. రెండు మూడు వరుసల్లో బంధువులు నిలబడితే ఎఫ్ 8 వంటి పెద్ద అంకె మేలు. రెండవది షట్టరు వేగం. కూర్చున్న పెద్దవారికి సెకనులో 125వ వంతు చాలు. పరుగెత్తే పిల్లలకు 500వ వంతు కావాలి. మూడవది ఐ.ఎస్.ఓ. చీకటి హాలులో దీన్ని పెంచాలి. మరీ పెంచితే బొమ్మ మీద ఇసుక చల్లినట్టు చుక్కలు వస్తాయి.

పైనున్న చక్రాన్ని ఆటో మీదే ఉంచేవారు ఒక్క విషయం గమనించాలి. కెమెరా దేన్నయినా మధ్యరకం బూడిదరంగుగా కొలుస్తుంది. అందువల్ల తెల్లని దుస్తులు మాసినట్టు, నల్లని బురఖా వెలిసినట్టు వస్తాయి. చక్రాన్ని పి అక్షరం వద్దకు తిప్పి, ప్లస్, మైనస్ గుర్తులున్న బటనుతో తెలుపుకు కొంచెం ప్లస్ వైపు, నలుపుకు మైనస్ వైపు సవరించాలి. యంత్రం కొలవగలదు గాని, ఎదుట ఉన్నది ఏమిటో గుర్తించవలసినది మనిషే.

దీన్ దయాళ్ 1905లో మరణించారు. ఆయన స్టూడియోకు చెందిన రెండు వేలకు పైగా గాజు నెగటివ్‌లు ఢిల్లీలోని ఇందిరా గాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. ఆయనకు ఆనాడు ఒక విదేశీ మహిళ కావలసివచ్చింది. ఈనాడు మన ఇళ్ళలోనే చదువుకున్న ఆడపిల్లలున్నారు. ఈ మూడు లెక్కలు వారం రోజుల సాధనతో చేతికి అలవాటవుతాయి. ఊరికి ఒక్క అమ్మాయి నేర్చుకున్నా, రేపటి నిఖాలో నానీ, దాదీ ఫోటో ఆల్బంలో ఉంటుంది. ఆ అమ్మాయికి గౌరవమైన జీవనోపాధీ దొరుకుతుంది.