పడని ఆ ఒక్క బంతి

డిచ్‌పల్లిలో తెలంగాణ యూనివర్సిటీ హాస్టల్ అయినా, ఇంకెక్కడైనా, నలుగురు కలిసి మ్యాచ్ చూస్తుంటే అంపైర్ వేలెత్తిన దగ్గర లొల్లి మొదలవుతుంది. అవుటా, కాదా? మ్యాచ్ అయిపోయినా వాదన అయిపోదు. ఉద్యోగ పరీక్ష 'కీ'లో ఒక్క ప్రశ్న మీద అభ్యంతరం పెట్టి ఎదురుచూసినవాళ్లకు ఆ మంట ఇంకా బాగా తెలుసు. ఒక్క మార్కు, ఒక్క బంతి. 1949లో అట్లాంటి ఒక్క బంతి దగ్గర క్రీజులో నిలబడింది మన హైదరాబాదీయే. పేరు గులామ్ అహ్మద్.

1922 జులై 4న పుట్టారు. పొడుగు మనిషి, ఆఫ్ స్పిన్నర్. హైదరాబాద్ తరఫున రంజీ ఆడి పేరు తెచ్చుకున్నారు. 1948 డిసెంబర్ ఆఖరి రోజున కలకత్తాలో వెస్టిండీస్‌పై తొలి టెస్టు ఆడేనాటికి, హైదరాబాద్ సంస్థానం ఇండియన్ యూనియన్‌లో కలిసి నాలుగు నెలలు కూడా కాలేదు. మన నిజామాబాద్, బోధన్ కూడా ఆ సంస్థానంలోవే కదా.

అసలు కథ ఫిబ్రవరిలో, బొంబాయి బ్రబోర్న్ స్టేడియంలో. అది సిరీస్‌లో అయిదో టెస్టు. 1932లో టెస్టులు మొదలుపెట్టిన భారత్ అప్పటిదాకా ఒక్కటీ గెలవలేదు. వెస్టిండీస్ 1-0తో ముందుంది. మన లక్ష్యం 361. విజయ్ హజారే 122 కొట్టాడు. గెలుపు దగ్గరికొస్తున్న కొద్దీ వెస్టిండీస్ తాపీగా బౌలింగ్ వేసి టైమ్ లాగింది. చివరికి ఎనిమిది వికెట్లు పడ్డాయి. దత్తూ ఫడ్కర్‌కు తోడుగా గులామ్ అహ్మద్. బ్యాటింగ్‌కు మిగిలింది గాయపడిన కీపర్ ప్రొబీర్ సేన్ ఒక్కడే. స్కోరు 355. ఇంకా ఆరు పరుగులు కావాలి.

అప్పుడు అంపైర్ బాపూ జోషి బెయిల్స్ తీసేశారు. ఓవర్‌లో అయిదు బంతులే పడ్డాయి. టైమ్ కూడా ఇంకా నిమిషంన్నర ఉంది. ఆ ఉద్వేగంలో లెక్క తప్పింది. మ్యాచ్ డ్రా. సిరీస్ పోయింది. గులామ్ స్కోరు 9 నాటౌట్.

క్రికెట్ అభిమానులు ఇప్పటికీ దీని మీద రెండు రకాలుగా మాట్లాడతారు. ఒక్క బంతికి సిక్స్ కొట్టడం అయ్యే పనేనా అనేది ఒక వాదన. అంపైర్ బంతులు తప్పు లెక్కపెట్టినా ఆయన లెక్కించిన ఓవరే చెల్లుతుందని నేటి నిబంధన కూడా చెబుతోంది. కానీ గడియారం సంగతేంటి అనేది రెండో వాదన. నిమిషంన్నర ఉందంటే ఇంకో ఓవర్ మొదలవ్వాలి కదా. నా ఓటు దీనికే. పోయింది ఒక్క బంతి కాదు, దాని తర్వాతి ఓవర్ కూడా.

తొలి గెలుపు కోసం మూడేళ్లు ఆగాల్సి వచ్చింది. 1952 ఫిబ్రవరిలో మద్రాస్‌లో ఇంగ్లండ్‌ను ఓడించినప్పుడు, రెండో ఇన్నింగ్స్‌లో నాలుగు వికెట్లు గులామ్‌వే. ఈ మధ్యలో, 1950-51 రంజీలో హోల్కర్ జట్టుపై ఒకే ఇన్నింగ్స్‌లో 92.3 ఓవర్లు వేశారు. అంటే 555 బంతులు! చెయ్యి ఎట్లా నిలబడిందో ఏమో. 1952లోనే ఢిల్లీలో పాకిస్తాన్‌పై హేము అధికారితో కలిసి చివరి వికెట్‌కు 109 పరుగులు జోడించారు, తాను 50 కొట్టారు. ఆ రికార్డును 2004లో సచిన్, జహీర్ ఖాన్ దాటేదాకా ఎవరూ అందుకోలేదు.

1955 నవంబర్‌లో హైదరాబాద్ ఫతే మైదాన్‌లో మొదటి టెస్టు జరిగితే భారత కెప్టెన్ ఆయనే. మరుసటి ఏడాది కలకత్తాలో ఆస్ట్రేలియాపై 49 పరుగులకు ఏడు వికెట్లు తీశారు. 1958-59లో మళ్లీ వెస్టిండీస్ వచ్చినప్పుడు మాత్రం కాన్పూర్, కలకత్తా రెండూ ఆయన సారథ్యంలోనే ఓడిపోయాం. అంతటితో టెస్టులకు సెలవు చెప్పేశారు. ఆ ఒక్క సిరీస్‌లోనే భారత్‌కు నలుగురు కెప్టెన్లు మారారు. మొత్తం 22 టెస్టులు, 68 వికెట్లు.

తర్వాత బీసీసీఐ కార్యదర్శిగా పనిచేసి, 1998 అక్టోబర్ 28న కన్నుమూశారు. అంపైర్ నిర్ణయాన్ని ఆటగాళ్లు సవాలు చేసే డీఆర్‌ఎస్‌ను తొలిసారి పరీక్షించింది ఆ తర్వాత పదేళ్లకు, 2008లో. అయినా ఓవర్‌లో ఎన్ని బంతులు పడ్డాయన్న లెక్క మీద రివ్యూ అడిగే వీలు అందులోనూ లేదు.