మేరీ షెల్లీ: భయానక నవలకు హృదయమిచ్చిన రచయిత్రి

బేతాళ కథలు వినని తెలుగు బిడ్డ యుండడు. శ్మశానము, చెట్టున వ్రేలాడు శవము, నడిరేయి మౌనము మన యిండ్లలో చిరపరిచితములు. ఆంగ్ల సాహిత్యమున నిట్టి భయమునకు నవలారూపము 1764లో హొరేస్ వాల్పోల్ రచించిన ‘ఒట్రాంటో కోట’తో లభించెను. యాన్ రాడ్‌క్లిఫ్ 1794లో ‘ఉడాల్ఫో రహస్యములు’ వ్రాసి దానిని పెంపొందించెను. శిథిల దుర్గములు, సొరంగములు, వంశశాపములు వీరి సామగ్రి. మధ్యయుగపు గోథిక్ కట్టడములను బట్టి ఈ శాఖకు గోథిక్ నవల యను పేరు వచ్చెను. ఆ భయమును కోటగోడల నుండి మానవహృదయమునకు మరల్చినది పందొమ్మిదేండ్లు నిండని యొక యువతి.

మేరీ 1797 ఆగస్టు 30వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి విలియం గాడ్విన్ రాజకీయ తత్త్వవేత్త. తల్లి మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ స్త్రీల హక్కులకై గ్రంథము వ్రాసిన విదుషి. బిడ్డకు పదునొకండు దినములు నిండునప్పటికి ఆమె సూతికాజ్వరమున మరణించెను. తల్లి ముఖమెరుగని బాలిక ఆమె సమాధి చెంత చదువుకొనుచు పెరిగెను. 1814లో, అప్పటికే వివాహితుడైన కవి పెర్సీ షెల్లీతో ఇల్లు విడిచెను. తండ్రి ఆదరము తొలగెను. మరుసటి యేట నెలలు నిండక పుట్టిన ఆడశిశువు కొలది దినములకే కన్నుమూసెను.

1815 ఏప్రిలులో తంబోరా అగ్నిపర్వతము బ్రద్దలై, దాని ధూళి ఆకాశమున వ్యాపించుటచే 1816లో యూరపునకు వేసవి లేకపోయెను. జెనీవా సరస్సు తీరమున, వానలకు వెలికి వెడలలేక, తలకొక దయ్యపుకథ వ్రాయవలెనని బైరన్ కవి మిత్రులకు సూచించెను. వైద్యుడు పోలిడోరి రక్తపిశాచ కథ ఆ గోష్ఠి ఫలమే. ఆ యేటి డిసెంబరులో షెల్లీని వివాహమాడిన మేరీ తన కథను నవలగా పూర్తిచేసెను. 1818 జనవరి 1న ‘ఫ్రాంకెన్‌స్టైన్’ రచయిత్రి పేరు లేకయే 500 ప్రతులుగా వెలువడెను. అది భర్త రచనయని కొందరు తలచిరి.

ఫ్రాంకెన్‌స్టైన్ రాక్షసుని పేరని పలువురి భ్రమ. అది వానిని నిర్మించిన విద్యార్థి పేరు. సృష్టింపబడిన జీవికి పేరే లేదు. భస్మాసురుడు వరగర్వమున చెడెను. ఈ జీవి యట్లుగాక, కన్ను దెరచిన క్షణముననే సృష్టికర్త పారిపోగా, ఎచ్చటను ఆదరణ లేక క్రూరుడయ్యెను. కుంతి విడిచిన కర్ణునికి రాధ ఒడి దొరకెను. వీనికి ఏ ఒడియు దొరకలేదు. తల్లిని, బిడ్డను కోలుపోయిన యువతికి గాక ఈ దుఃఖము మరెవ్వరికి తెలియును?

పిమ్మట ఇటలీలో 1818లో కుమార్తె క్లారా, 1819లో కుమారుడు విలియం మరణించిరి. 1822 జులై 8న షెల్లీ సముద్రమున మునిగిపోయెను. ఇరువదినాలుగేండ్ల వితంతువు తన కలముతోను, మామగారిచ్చిన స్వల్ప భృతితోను మిగిలిన యొక్క కుమారుని పెంచెను. భర్త జీవితచరిత్ర వ్రాయరాదని మామగారు ఆంక్ష విధింపగా, 1839లో ఆయన కవితా సంపుటములకు వివరణలు చేర్చి ఆ ఋణము దీర్చెను. 1851 ఫిబ్రవరి 1న, ఏబదిమూడవ యేట, లండనులో పరమపదించెను.

ఆ నవలకు ‘నవీన ప్రమీథియస్’ అని మారుపేరు. ప్రమీథియస్ మానవులకై దేవతల నిప్పు దొంగిలించిన గ్రీకు వీరుడు. ఉక్కు కొలుముల వెలుగున బ్రతుకు భిలాయి, స్మృతి నగర్ వాసులకు నిప్పు సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. కొలిమి వెలిగించుటతో పని తీరదు, రేయింబవళ్లు దానిని కాచుకొనవలెను. బిడ్డను గన్నవారికిని, నూతన వస్తువును సృజించువారికిని మేరీ షెల్లీ చెప్పినదియు నదియే.