మెరియాలను విడిపించిన క్యాంబెల్ దొర

రాయగడ, బిస్సంకటక్, గుణుపురం దారులలో ప్రయాణించే మనవారికి అక్కడి కొండలు, పసుపు పంట బాగా తెలిసినవే. నూట డెబ్బై ఏళ్ళ క్రితం అదే కొండలలో కొన్ని పిల్లల పేర్లను వరుసగా ఒక పుస్తకంలో వ్రాసుకున్నారు. ఆ పని చేయించిన అధికారి జాన్ క్యాంబెల్. ఈ ప్రాంతం 1936 వరకు విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది గనుక ఇది మన చరిత్ర కూడా.

క్యాంబెల్ మద్రాసు సైన్యంలో కెప్టెన్. ఘుంసూరు యుద్ధకాలంలో (1835–37) కంపెనీవారు ఊళ్ళు తగులబెట్టారు, అనేకులను ఉరితీశారు. కోదుల మెరియా బలి సంగతి వారికి బాగా తెలిసింది అప్పుడే. భూదేవికి నరబలి ఇస్తే పంట పండుతుందనీ, పసుపుకు మంచి రంగు వస్తుందనీ కోదుల నమ్మకం. బలికి ఇచ్చే మనిషి వెల పెట్టి కొన్నవాడై ఉండాలి. పేదరికంలో అమ్ముడైన పిల్లలను, మైదానాలలో ఎత్తుకుపోయిన పిల్లలను దళారులు కొండపైకి తెచ్చేవారు. ఏళ్ళ తరబడి వారిని ముద్దుగానే పెంచేవారు. పెళ్ళిళ్ళు కూడా చేసేవారు. అయితే మెరియాకు పుట్టిన బిడ్డ కూడా మెరియాయే.

గంజాం కలెక్టరుకు సహాయకుడిగా క్యాంబెల్ 1837లో ఈ పనికి పూనుకొన్నాడు. 1842లో చైనా యుద్ధానికి వెళ్ళాడు. 1845లో ప్రభుత్వం మెరియా ఏజెన్సీ అనే ప్రత్యేక శాఖను స్థాపించి మాక్‌ఫర్సన్‌ను అధిపతిగా నియమించింది. 1846లో బౌద్‌లో కోదులు తిరుగబడి శిబిరాన్ని చుట్టుముట్టగా, విడిపించిన సుమారు 170 మందిని తిరిగి వారికే అప్పగించవలసి వచ్చింది. రక్షణ దొరికిందని నమ్మినవారు మళ్ళీ అదే కొండెక్కారు! 1847లో ఏజెన్సీ బాధ్యత క్యాంబెల్ చేతికి వచ్చింది. మొదట వెళ్ళింది బౌద్‌కే.

చలికాలమే పనికాలం. మిగతా నెలలలో మన్యపు జ్వరం ఎవరినీ వదలదు. దండు దిగిన చోటికి ముఠాదారులను పిలిపించి, పులిచర్మం మీద కూర్చోబెట్టి, మట్టి, బియ్యం, నీరు చేతికిచ్చి ప్రమాణం చేయించేవారు. మనిషికి బదులు దున్నపోతును బలి ఇచ్చుకొమ్మనేవారు. మెరియాలను అప్పగించిన తరువాత అసలు పని మొదలయ్యేది. కొందరు యజమానులు, వీరు మెరియాలు కారు, మా ఇంట పెరిగిన పోసియాలు అనేవారు. అటువంటి పిల్లలను పుస్తకంలో ఎక్కించి, అడిగినప్పుడు చూపాలని మాట తీసుకొని తిరిగి పంపేవారు.

విడుదలైనవారికి తిండి, బట్ట, నీడ చూడాలి. బంధువులు దొరికితే వారికి అప్పగించేవారు. పెద్దవారిని ఊళ్ళలో స్థిరపరచి సేద్యంలో పెట్టేవారు. కొందరు యువతులకు కోదులతోనే వివాహం చేశారు. అందులో వారి ఇష్టమెంతో ఆ పుస్తకాలలో కనబడదు. పిల్లలను బరంపురం, కటకం, బాలేశ్వరంలోని బాప్టిస్టు మిషను బడులకు పంపారు. వారి పోషణకు ప్రభుత్వం సొమ్ము ఇచ్చేది. బాలేశ్వరంలో పనిచేసినవారు అమెరికా ఫ్రీవిల్ బాప్టిస్టులు. తమ దేశంలోని బానిసత్వాన్ని ఎదిరించిన ఆ సంఘమే 1867లో హార్పర్స్ ఫెర్రీలో, విడుదలైన నీగ్రో సహోదరుల కొరకు స్టోరర్ విద్యాలయం స్థాపించింది.

1849లో క్యాంబెల్ ఆరోగ్యం చెడి కేప్‌కు వెళ్ళగా, మాక్‌వికర్ పని నడిపాడు. 1851లో తిరిగివచ్చి ఆ చలికాలం జయపురం కొండలు, అంటే మన బిస్సంకటక్, రాయగడ ప్రాంతాలు తిరిగాడు. 1854లో పదవి విడిచాడు. 1837 మొదలు 1854 వరకు విడుదలైనవారు 1,506 మంది. ఏజెన్సీని 1861లో ఎత్తివేశారు. 1864లో క్యాంబెల్ తన అనుభవాలను గ్రంథంగా ప్రకటించాడు. ఘనత ఎవరిదని మాక్‌ఫర్సన్ పక్షానికీ ఆయన పక్షానికీ చాలాకాలం వాదం నడిచింది.

ఆయన వెనుక తుపాకులున్నాయి. ఆ దారినే కంపెనీ అధికారమూ కొండలెక్కింది. దీనిని మరువరాదు. అయినా వెలకట్టి కొన్న ఒక బిడ్డను కూర్చోబెట్టి, నీ పేరేమి, నీ ఊరేది అని అడిగి వ్రాసుకోవడం చిన్న పని కాదు. బ్రతుకుతెరువుకై పరాయి ఊరు చేరి, మన పేరూ ఊరూ అడిగే మనిషి కోసం ఎదురుచూచిన మనకు ఆ ప్రశ్న విలువ బాగా తెలుసు.