కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు

కృష్ణా మండలములోని పెనుగంచిప్రోలున 1877వ సంవత్సరము మే నెల 18వ తేదీని లక్ష్మణరావుగారు జన్మించిరి. పసితనముననే తండ్రి గతించెను. భువనగిరిలో కొంతకాలము చదివిన పిమ్మట, తమ యక్కగారగు భండారు అచ్చమాంబగారి యింట నుండి నాగపురమున విద్య సాగించిరి. ఆమె బడికిఁ బోయి యెఱుఁగరు. తమ్ముఁడు చదువుకొనుచుండఁగాఁ దామును జదువు నేర్చి, తరువాత ననేక స్త్రీల చరిత్రములను గూర్చి అబలాసచ్చరిత్ర రత్నమాల యను గ్రంథమును వ్రాసిరి. అక్క తమ్మునికి అన్నము పెట్టెను. తమ్ముఁడు అక్కకు అక్షరములు చూపెను. ఎవరి ఋణము పెద్దదో చెప్పఁజాలము.

నాగపురమున లక్ష్మణరావుగారు మహారాష్ట్ర భాషను మాతృభాషవలె నేర్చి, దానిలో వ్యాసములు వ్రాయఁజొచ్చిరి. ఆ భాషలోఁ జరిత్రములును శాస్త్రములును వెలువడుచుండుట చూచిన వారికిఁ దమ తెలుఁగు సంగతి తలఁపునకు రాకుండునా? ఆనాఁడు మనకుఁ బురాణములు, కావ్యములు, శతకములు మెండు. అవి మంచివే, కాని యింగ్లీషు రాని రైతుబిడ్డ భూగోళమునుగాని, జంతుశాస్త్రమునుగాని, పరదేశముల చరిత్రమునుగాని తెలిసికొనఁగోరినచో వాని చేతికీయఁదగిన పుస్తకము లరుదు. తెలివి గలిగియు ఆ బిడ్డ వెలుపలనే నిలిచిపోవలసినదే.

ఎం. ఏ. పట్టము నందిన యీ పండితుఁడు మునగాల రాజాగారగు నాయని వేంకట రంగారావుగారి యొద్ద దివానుగా నుండెను. ఆ రాజాగారును, రావిచెట్టు రంగారావుగారును దోడుగా 1901వ సంవత్సరమున హైదరాబాదునందు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిరి. నిజాము రాజ్యములో నది తొలి తెలుఁగు గ్రంథాలయము. అయితే బీరువాలున్నంత మాత్రమునఁ జాలునా? వానిలో నుంచుటకుఁ బుస్తకములు కావలయును గదా! అందుకే 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి పుట్టెను.

ఈ మండలివారు తొలుత నెన్నుకొన్న విషయము చూడుఁడు. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాము లింకను చరిత్రము 1907లో వెలువడెను. కొయ్యదుంగల గుడిసెలోఁ బుట్టి, పుస్తకము లెరువు తెచ్చి చదివి, అమెరికా దేశమునకు అధ్యక్షుఁడైన వాని కథ యది. తెలుఁగు బాలురకుఁ దొలికానుకగా నింతకంటెఁ దగినది నాకుఁ దోఁపదు. పిదపఁ జిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రమును, శాస్త్రగ్రంథములును, నవలలును వచ్చెను. లక్ష్మణరావుగారు స్వయముగా హిందూ మహాయుగము, మహమ్మదీయ మహాయుగము రచించిరి. చరిత్రమునెడఁ దెలుఁగువారి కాసక్తి పెరుగుచున్న ఆ దినములలోనే, 1911లో, వీరవిద్యవంతుల నోట నుండిన మన పల్నాటి వీరచరిత్రమును అక్కిరాజు ఉమాకాంతముగారు అచ్చునకుఁ దెచ్చిరి. కారెంపూడి తిరునాళ్లకుఁ బోవు బొల్లాపల్లి బాలురు దానిని దప్పక చదువవలెను.

ఒక్కొక్క విషయమునకు ఒక్కొక్క పుస్తకము చాలదని తలఁచి లక్ష్మణరావుగారు ఆంధ్రవిజ్ఞాన సర్వస్వమునకుఁ బూనుకొనిరి. అకారాదిగా సమస్త విషయములు చేర్చు మహాకార్యమది. అథర్వవేదము, అష్టాధ్యాయి, అశోకుఁడు మొదలగు వ్యాసములకై వారు పడిన శ్రమకు మేర లేదు. ఇతర భాషలలో నెందఱో పండితులును గొప్ప ధనమును గలిసి చేయుపనిని, ఉబ్బసపు వ్యాధితో బాధపడుచు నీయన తలకెత్తుకొనెను. ఇది వివేకమా యని యడుగువా రుండవచ్చును. నాకు మాత్ర మా సంపుటముల పుటలు తిరుగవేయునపు డా ప్రశ్న పుట్టదు.

చెన్నపట్టణమున వారి గృహముననే 1919లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు కన్నుమూసిరి. నాలుగేండ్లకు, 1923వ సంవత్సరము జూలై 12వ తేదీని, లక్ష్మణరావుగారును నలువది యాఱవ యేఁటఁ బరమపదించిరి. సర్వస్వము తొలి యక్షరముల యొద్దనే నిలిచిపోయెను. తరువాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు దానిని మరల నెత్తుకొనిరి.