సయ్యద్ అబ్దుల్ రహీమ్

సయ్యద్ అబ్దుల్ రహీమ్ (1909 ఆగష్టు 17 - 1963 జూన్ 11) హైదరాబాదుకు చెందిన సుప్రసిద్ధ ఫుట్‌బాల్ శిక్షకుడు. వృత్తిరీత్యా పాఠశాల ఉపాధ్యాయుడు. క్రీడాలోకంలో ఈయన రహీమ్ సాహెబ్‌గా ప్రసిద్ధుడు. ఈయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలుచుకున్నది. భారత జాతీయ జట్టు 1951లోను, 1962లోను ఆసియా క్రీడలలో స్వర్ణ పతకాలు సాధించినది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానం పొందినది. ఈ మూడు విజయాలూ ఈయన శిక్షకత్వంలో లభించినవే. అందుచేత 1951 నుండి 1962 వరకు గల కాలాన్ని భారత ఫుట్‌బాల్ స్వర్ణయుగంగా పేర్కొంటారు.

బాల్యం, విద్య

రహీమ్ 1909 ఆగష్టు 17న నిజాం పాలనలోని హైదరాబాదు నగరంలో జన్మించాడు. ఆ కాలంలో హైదరాబాదు, సికింద్రాబాదు జంటనగరాలలో ఫుట్‌బాల్‌కు మంచి ఆదరణ ఉండేది. సికింద్రాబాదు కంటోన్మెంటులోని సైనిక దళాల ఆటను చూసి, స్థానిక యువకులు బస్తీలలోను, పాఠశాల మైదానాలలోను జట్లు కట్టి ఆడేవారు. ఈ వాతావరణంలో పెరిగిన రహీమ్‌కు చిన్ననాటనే ఆటపై మక్కువ ఏర్పడింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బి.ఏ. చదివే రోజులలో విద్యార్థి క్రీడాకారుడిగా పేరు తెచ్చుకున్నాడు. నగరంలోని కమర్ క్లబ్బు తరఫున కూడా ఆడాడు.

ఉపాధ్యాయ వృత్తి

పట్టభద్రుడైన తరువాత రహీమ్ ఉపాధ్యాయ వృత్తిని చేపట్టాడు. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ పాఠశాల, దారుల్ ఉలూమ్ ఉన్నత పాఠశాల, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలలో పనిచేశాడు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, తరువాత పనిచేసిన పాఠశాలలలో క్రీడల బాధ్యతను స్వీకరించాడు.

పిల్లవాడికి ఒకేసారి పెద్ద పాఠం చెప్పక, దానిని చిన్న చిన్న భాగాలుగా విడదీసి, ఒక్కొక్కటి వచ్చేవరకు సాధన చేయించడం మంచి ఉపాధ్యాయుని లక్షణం. రహీమ్ మైదానంలో కూడా ఇదే పద్ధతిని పాటించాడు. తరువాతి కాలంలో ఆయన శిక్షణలో కనిపించే క్రమబద్ధతకు తరగతి గదిలోని అనుభవమే పునాది అని చెప్పవచ్చు.

1940వ దశకం తొలినాళ్ళలో ఈయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. మరణించేవరకు ఆ పదవిలో కొనసాగాడు. దీనివలన నగరంలోని పోటీల నిర్వహణ, యువ ఆటగాళ్ళ ఎంపిక, వారి శిక్షణ అన్నీ ఒకే వ్యక్తి ఆలోచన ప్రకారం నడిచే అవకాశం కలిగింది.

శిక్షణా విధానం

రహీమ్ హైదరాబాదులో ప్రవేశపెట్టిన ప్రత్యేక పోటీలు ఆయన బోధనా పద్ధతికి చక్కని ఉదాహరణలు.

మొదటిది డ్రిబ్లింగు లేని పోటీ. ఇందులో ఆటగాడు బంతిని తన కాలి వద్ద ఉంచుకొని ప్రత్యర్థులను తప్పించుకుంటూ పోరాదు. అందిన వెంటనే తోటి ఆటగాడికి పాసు ఇవ్వాలి. ఆ రోజులలో మన దేశంలో ఒంటరిగా బంతిని నడిపించే ఆటగాడికే ప్రేక్షకుల మెప్పు ఎక్కువగా దక్కేది. ఆ అలవాటును మాన్పించి, బంతి రాకముందే దానిని ఎవరికి అందించాలో ఆలోచించే నేర్పును అలవరచడం ఈ పోటీ ఉద్దేశ్యం.

రెండవది బలహీనమైన కాలితో ఆడే పోటీ. కుడికాలి వాటం గలవారు ఎడమకాలితో, ఎడమకాలి వాటం గలవారు కుడికాలితో మాత్రమే బంతిని తన్నాలి. రెండు కాళ్ళతోనూ ఆడగల ఆటగాడిని ప్రత్యర్థి ఒక వైపుకు నెట్టి కట్టడి చేయలేడు. ఇవి గాక, ఎత్తు ప్రకారం బాలురను విభజించి కూడా పోటీలు జరిపించేవాడు. పొట్టిగా ఉన్న పిల్లలు పొడుగు పిల్లల మధ్య నలిగిపోకుండా ఆట నేర్చుకోవడానికి ఇవి ఉపకరించాయి.

ఈ పద్ధతులలో దేనికీ ఖరీదైన పరికరాలు అవసరం లేదు. ఒక బంతి, ఒక మైదానం, తగిన నియమం ఉంటే చాలు. పేద కుటుంబాల నుండి వచ్చిన పిల్లలే అధికంగా ఆడే నగరంలో ఇది ముఖ్యమైన విషయం. అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం ఇందుకు ఉదాహరణ. సాధన కోసం దూరం నుండి నగరానికి రావడానికి స్తోమత లేని ఆ యువకునికి రహీమ్ సైకిలు అద్దె డబ్బులు ఇచ్చి రప్పించాడు. బలరాం 1956, 1960 ఒలింపిక్ క్రీడలలో ఆడి, దేశంలోని అత్యుత్తమ ఫార్వర్డ్ ఆటగాళ్ళలో ఒకడిగా నిలిచాడు.

హైదరాబాదు సిటీ పోలీసు జట్టు

హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1939లో ఏర్పడింది. రహీమ్ 1950లో ఈ జట్టుకు శిక్షకుడయ్యాడు. ఆటగాళ్ళకు పోలీసు శాఖలో ఉద్యోగాలు ఉండడం వలన వారికి జీవనోపాధి చింత లేకుండా ఏడాది పొడవునా కలిసి సాధన చేసే వీలు కలిగింది. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, మొయినుద్దీన్ వంటివారు ఈ జట్టు నుండే ఒలింపిక్ క్రీడాకారులుగా ఎదిగారు.

అప్పటివరకు దేశ ఫుట్‌బాల్‌కు కలకత్తా రాజధానిగా ఉండేది. 1950లో హైదరాబాదు పోలీసు జట్టు డ్యూరాండ్ కప్పు ఫైనలులో ప్రఖ్యాత మోహన్ బగాన్ జట్టును ఓడించి అందరినీ ఆశ్చర్యపరచింది. అదే సంవత్సరం బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును కూడా గెలిచింది. తరువాత 1951, 1952, 1953, 1954 సంవత్సరాలలో కూడా రోవర్స్ కప్పు హైదరాబాదుకే వచ్చింది. ఈ జట్టు 1954, 1957 సంవత్సరాలలో డ్యూరాండ్ కప్పును మళ్ళీ గెలుచుకున్నది. 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీసు అనే పేరుతో మరొకసారి ఆ కప్పును సాధించింది. రాష్ట్ర జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాదు జట్టు 1956-57, 1957-58 పోటీలలో వరుసగా రెండుసార్లు గెలిచింది.

భారత జట్టు శిక్షకుడిగా

1951 మార్చిలో ఢిల్లీలో మొట్టమొదటి ఆసియా క్రీడలు జరిగాయి. రహీమ్ శిక్షణలోని భారత జట్టుకు శైలేన్ మన్నా నాయకుడు. భారత్ ఇండోనేషియాను, ఆఫ్ఘనిస్తాన్‌ను 3-0 తేడాతో ఓడించి ఫైనలుకు చేరింది. ఫైనలులో సాహు మేవాలాల్ చేసిన ఏకైక గోలుతో ఇరాన్‌పై గెలిచి స్వర్ణ పతకం పొందింది.

మరుసటి సంవత్సరమే పెద్ద ఎదురుదెబ్బ తగిలింది. 1952 హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో భారత్ యుగోస్లావియా చేతిలో 1-10 తేడాతో ఓడిపోయింది. చలిలో, తడిసిన మైదానంలో పలువురు భారత ఆటగాళ్ళు బూట్లు లేకుండా ఆడడం ఈ పరాజయానికి ఒక కారణం. దీని తరువాత భారత ఫుట్‌బాల్‌లో బూట్లు ధరించడం తప్పనిసరి అయింది. అయితే లోపం కాళ్ళ వద్దనే లేదని, ఆట వ్యూహం కూడా పాతబడిపోయిందని రహీమ్ గ్రహించాడు. ఇద్దరు డిఫెండర్లపై ఆధారపడే పాత అమరికను విడిచి కొత్త వ్యూహాలను అనుసరించాడు.

మెల్‌బోర్న్ ఒలింపిక్స్ (1956)

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలకు వెళ్ళిన భారత జట్టులో హైదరాబాదు ఆటగాళ్ళు గణనీయమైన సంఖ్యలో ఉన్నారు. సమర్ బెనర్జీ నాయకుడు. తొలి రౌండులో హంగేరీ పోటీ నుండి తప్పుకోవడంతో భారత్ నేరుగా క్వార్టర్ ఫైనలుకు చేరింది. డిసెంబరు 1న ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను 4-2 తేడాతో ఓడించింది. ఈ ఆటలో నెవిల్ డిసౌజా మూడు గోల్సు చేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ సాధించిన తొలి ఆసియా క్రీడాకారుడు ఇతడే. ఒలింపిక్స్‌లో సెమీ ఫైనలుకు చేరిన తొలి ఆసియా జట్టుగా భారత్ గుర్తింపు పొందింది.

సెమీ ఫైనలులో నాలుగేళ్ళ క్రితం పది గోల్సు చేసిన యుగోస్లావియాయే మళ్ళీ ఎదురైంది. డిసౌజా గోలుతో భారత్ ముందంజ వేసినా చివరకు 1-4 తేడాతో ఓడింది. మూడవ స్థానం కొరకు జరిగిన ఆటలో బల్గేరియా చేతిలో 0-3 తేడాతో ఓడి నాలుగవ స్థానంతో సరిపెట్టుకున్నది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారతదేశం సాధించిన అత్యుత్తమ స్థానం ఇదే.

1960 రోమ్ ఒలింపిక్ క్రీడలలో పి.కె.బెనర్జీ నాయకత్వంలోని జట్టు గ్రూపు దశను దాటలేకపోయినా, ఫ్రాన్సుతో 1-1తో సమానంగా నిలిచింది. బలమైన హంగేరీ చేతిలో 1-2 స్వల్ప తేడాతో మాత్రమే ఓడింది. రహీమ్ కుమారుడు సయ్యద్ షాహిద్ హకీమ్ ఈ జట్టు సభ్యుడు. కాని అతనికి ఒక్క ఆటలోనూ మైదానంలోకి దిగే అవకాశం రాలేదు.

జకార్తా ఆసియా క్రీడలు (1962)

రహీమ్ జీవితంలో చివరిదీ, అత్యంత కఠినమైనదీ అయిన పరీక్ష 1962 జకార్తా ఆసియా క్రీడలు. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ఇండోనేషియా ప్రభుత్వం ప్రవేశం నిరాకరించింది. దీనిని ఆసియా క్రీడా సమాఖ్యలోని భారతీయ ప్రతినిధి గురుదత్ సోంధీ బహిరంగంగా విమర్శించాడు. దానితో జకార్తాలో భారతదేశంపై తీవ్రమైన ఆగ్రహం చెలరేగింది. భారత రాయబార కార్యాలయంపై దాడి జరిగింది. భారత క్రీడాకారులు మైదానంలోకి వస్తే ప్రేక్షకులు కేకలతో హేళన చేసేవారు.

చునీ గోస్వామి నాయకత్వంలోని జట్టు మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2 తేడాతో ఓడింది. పిదప థాయిలాండ్‌పై 4-1, జపాన్‌పై 2-0 తేడాతో గెలిచి సెమీ ఫైనలుకు చేరింది. థాయిలాండుతో జరిగిన ఆటలో సెంటర్ హాఫ్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. తలతో బంతిని అడ్డుకోవలసిన రక్షణ స్థానంలో ఆ స్థితిలో అతనిని ఆడించడం ప్రమాదకరం. కాని అతని బలాన్ని వదులుకోవడం రహీమ్‌కు ఇష్టం లేకపోయింది. అందుచేత జర్నైల్‌ను సెంటర్ ఫార్వర్డ్ స్థానానికి మార్చాడు. సెమీ ఫైనలులో భారత్ దక్షిణ వియత్నాంను 3-2 తేడాతో ఓడించింది.

సెప్టెంబరు 4న సెనాయన్ స్టేడియంలో దాదాపు లక్షమంది ప్రేక్షకుల ఎదుట ఫైనలు జరిగింది. ప్రత్యర్థి 1956, 1960 ఆసియా కప్పు విజేత, మొదటి ఆటలో భారత్‌ను ఓడించిన దక్షిణ కొరియా. జ్వరం నుండి కోలుకున్న సికింద్రాబాదు గోల్‌కీపరు పీటర్ తంగరాజ్‌కు రహీమ్ తిరిగి స్థానం కల్పించాడు. బలరాం, యూసుఫ్ ఖాన్ కూడా ఈ ఆటలో ఉన్నారు. పి.కె.బెనర్జీ తొలి గోలు చేయగా, కొద్ది నిముషాలలోనే జర్నైల్ సింగ్ రెండవ గోలు చేశాడు. చివరి నిముషాలలో కొరియా ఒక గోలు చేసినా భారత్ 2-1 తేడాతో విజయం సాధించింది. ప్రేక్షకులందరూ వ్యతిరేకంగా ఉన్న ఆ స్టేడియంలో భారత జట్టును ఉత్సాహపరచినవారిలో పాకిస్తాన్ హాకీ జట్టు సభ్యులు ఉండడం విశేషం.

మరణం

జకార్తా విజయం తరువాత ఏడాది తిరగకుండానే, 1963 జూన్ 11న రహీమ్ క్యాన్సర్ వ్యాధితో మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు. ఉత్తమ శిక్షకులకు ఇచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో మాత్రమే ప్రారంభమైనందున జీవితకాలంలో ఆయనకు అటువంటి జాతీయ గౌరవం లభించే అవకాశం లేకపోయింది.

ప్రభావం

రహీమ్ శిష్యులలో పలువురు తరువాత శిక్షకులయ్యారు. పి.కె.బెనర్జీ కలకత్తా క్లబ్బులకు, జాతీయ జట్టుకు శిక్షణ ఇచ్చాడు. హైదరాబాదు పోలీసు జట్టులో ఆడిన సయ్యద్ నయీముద్దీన్ 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్య పతకం పొందిన భారత జట్టుకు నాయకుడు. అనంతరం జాతీయ శిక్షకుడుగా కూడా పనిచేశాడు. రహీమ్ కుమారుడు హకీమ్ భారత వైమానిక దళంలో అధికారిగా, అంతర్జాతీయ ఫుట్‌బాల్ రెఫరీగా సేవలందించి 2021 ఆగష్టులో మరణించాడు. రహీమ్ జీవితం ఆధారంగా నిర్మించిన హిందీ చలనచిత్రం మైదాన్ 2024 ఏప్రిల్‌లో విడుదలైంది. ఇందులో రహీమ్ పాత్రను అజయ్ దేవగణ్ పోషించాడు.

వ్యక్తులు మిగిలినా వ్యవస్థ మిగలలేదు. డ్రిబ్లింగు లేని పోటీలు, బలహీనమైన కాలి పోటీలు, పేద బాలుర కొరకు చేసిన ప్రత్యేక ఏర్పాట్లు రహీమ్ శ్రద్ధ మీదనే నడిచాయి. నగరంలోని మంచి ఆటగాళ్ళు మెరుగైన అవకాశాల కోసం కలకత్తా క్లబ్బులకు తరలిపోతుండగా, వారి స్థానంలో కొత్తవారిని అదే వేగంతో తయారుచేసే గురువు లేకపోయాడు. క్రమంగా హైదరాబాదు ఫుట్‌బాల్ తన ప్రాభవాన్ని కోల్పోయింది. రోమ్ తరువాత 2024 పారిస్ క్రీడల వరకు భారత ఫుట్‌బాల్ జట్టు ఒక్కసారి కూడా ఒలింపిక్స్‌కు అర్హత పొందలేదు. జకార్తా తరువాత ఆసియా క్రీడలలో మరొక స్వర్ణం కూడా రాలేదు.